గుంపులో గోవిందయ్య కావాలంటే

మా పెద్దన్నయ్యకి విజయవాడ గవర్నరుపేటలో డీటీపీ సెంటరు ఉంది. శుభలేఖలు, దినకర్మ కార్డులు, ఫ్లెక్సీలు, అడపాదడపా ఎవరిదో కవితల పుస్తకం. అక్కడి కంప్యూటర్లో తెలుగు ఫాంట్లకి కొదవ లేదు. అను ఫాంట్ల జాబితా బారెడు ఉంటుంది. దాని వెనకాల పోతన, వేమన, గూగుల్ నుంచి దించుకున్న రామభద్ర, మండలి, సురవరం. వాళ్లబ్బాయి ఈమధ్య అందులో వీపీఎన్ వేసి జర్మనీ సర్వరుకి కలిపిపెట్టాడు. "ఇంక మనమెవరమో ఏ సైటుకీ తెలీదు కదమ్మా" అన్నాడు అన్నయ్య.

బ్రౌజరు బయటికి ఏమేం చెబుతోందో చూపించే పరీక్ష పేజీ ఒకటి తెరిచి, అన్నయ్యని పక్కన కూచోబెట్టుకున్నాను. ఐపీ అడ్రసు దగ్గర ఫ్రాంక్‌ఫర్ట్ అని ఉంది. అంతవరకు వీపీఎన్ తన పని తాను చేసింది. కిందికి జరిపితే టైమ్‌జోన్ ఏషియా/కలకత్తా. ఊరి పేరు ఎప్పుడో మారినా క్రోమ్ ఆ పాత పేరే చెబుతుంది, ఫైర్‌ఫాక్స్ అయితే కోల్‌కతా అంటుంది. బ్రౌజరు ఏదో తెలియడానికి ఈ చిన్న తేడా కూడా పనికొస్తుంది. ఇష్టపడే భాషల్లో మొదటిది తెలుగు. ఫాంట్లలో గౌతమి, వాణి. విండోస్ 10ని కొత్తగా వేసుకున్నప్పుడు ఆ రెండు ఫాంట్లూ వాటంతటవి రావు. తెలుగు భాషని కోరి చేర్చుకుంటే దిగుతాయి. ఇవన్నీ కలిపి చూసే సైటుకి కనిపించేది జర్మనీ మనిషి కాదు, జర్మనీ అడ్రసు వెనకాల ఉన్న తెలుగు మనిషి. అలాంటివాళ్లు ఆ సైటుకి రోజూ ఎంతమంది వస్తారు?

కాకినాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను నెట్‌వర్క్స్ ల్యాబు చూస్తాను. వీపీఎన్ పెట్టుకుంటే చాలనుకునే పిల్లలు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. వాళ్లకన్నా కొంచెం చదివినవాళ్లు వర్చువల్ మెషీన్ వేసుకుని, అందులో వీపీఎన్ పెట్టి, ఇక తిరుగులేదనుకుంటారు. ఈ రెండూ మంచి పనిముట్లే, నేను రోజూ వాడతాను. కానీ అవి దేన్ని దాస్తాయో, దేన్ని దాయవో తెలియకుండా వాడితే, దాక్కోవాలనుకున్న మనిషే అందరికన్నా ముందు కనపడతాడు. ఎదురుగా ఉన్నది ఊరికే కబుర్లు చదివే మనిషైతే పోనీ అనుకోవచ్చు. ఇంట్లో కొట్టే భర్త నుంచి బయటపడే దారి వెతుక్కునే ఆడపిల్ల, తన జబ్బు సంగతి ఆఫీసులో తెలియకూడదనుకునే ఉద్యోగి, అధికారుల అవినీతి మీద కాగితాలు పంపే గుమస్తా కూడా ఇవే పనిముట్లని నమ్ముకుంటున్నారు. వాళ్లకి సగం నిజం చెప్పి సరిపెట్టడం నాకు తప్పనిపిస్తుంది.

సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి మొదట వాడింది కుకీ. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి దాన్ని తయారుచేశాడు. కుకీ అంటే సైటు మన కంప్యూటర్లోనే దాచిపెట్టే చిన్న చీటీ. అది మన దగ్గరే ఉంటుంది కాబట్టి చూడొచ్చు, తీసేయొచ్చు, వద్దనొచ్చు. బ్రౌజర్ ఫింగర్‌ప్రింటింగ్‌లో అలాంటి చీటీ ఏదీ ఉండదు. వచ్చిన ప్రతిసారీ సైటు కొన్ని ప్రశ్నలు అడుగుతుంది, బ్రౌజరు మారుమాట లేకుండా జవాబిస్తుంది. తెర కొలత ఎంత, ప్రాసెసరులో కోర్లు ఎన్ని, టైమ్‌జోన్ ఏది, ఏ భాషలు, ఏ ఫాంట్లు, గ్రాఫిక్స్ కార్డు పేరేమిటి, శబ్దాన్ని లెక్కగట్టమంటే దశాంశాల్లో చివరి అంకెలు ఏం వస్తాయి. ఈ జవాబులన్నీ గుదిగుచ్చితే ఒక గుర్తు తయారవుతుంది. చెరిపేయడానికి మన దగ్గర ఏమీ ఉండదు. ఇన్‌కాగ్నిటో విండో తెరిచినా మామూలుగా అవే జవాబులు వెళతాయి, ఎందుకంటే మెషీన్ అదే, బ్రౌజరు అదే.

వీటిలో నాకు ఎక్కువ కలవరం కలిగించేది కాన్వాస్ పద్ధతి. పేజీలో మన కంటికి కనపడని ఒక చిన్న పెట్టెని తెరిచి, అందులో ఒక వాక్యం రాయమని, రెండు రంగులు పులమమని సైటు బ్రౌజరుకి చెబుతుంది. గీశాక ఆ బొమ్మలో ఒక్కొక్క చుక్క రంగునీ అంకెలుగా వెనక్కి తీసుకుంటుంది. మన కంటికి ఆ బొమ్మ ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. కానీ అక్షరం వంపు దగ్గర నలుపు తెలుపులోకి జారే చోట ఎంత బూడిదరంగు వెయ్యాలన్నది గ్రాఫిక్స్ కార్డు, దాని డ్రైవరు, ఆపరేటింగ్ సిస్టమ్, ఫాంటు వెర్షను కలిసి తేలుస్తాయి. మెషీన్ మారితే ఆ బూడిదరంగు పిసరంత మారుతుంది. అంకెల్లో అది పట్టుబడుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో కీటన్ మౌరీ, హోవావ్ షాచమ్ 2012లో దీన్ని మొదట చూపించారు.

అక్షరాన్ని ఒక్కో కంపెనీ సాఫ్ట్‌వేరు ఒక్కోలా పేర్చుకుంటుందనడానికి తెలుగువాళ్లకి వేరే సాక్ష్యం అక్కర్లేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం మెసేజిలో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో అదే అక్షరం నిక్షేపంగా ఉంది. ఒత్తులు, గుణింతాలు, సంయుక్తాక్షరాలు ఉన్న లిపిని గీయడంలో మెషీన్‌కీ మెషీన్‌కీ తేడా వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ.

ఈ గుర్తులు ఎంతమందిని విడదీయగలవో మొదటిసారి పెద్ద ఎత్తున కొలిచినవాడు పీటర్ ఎకర్‌స్లీ. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌లో పనిచేస్తూ 2010లో 'పానాప్టిక్లిక్' అనే పరీక్ష పేజీ పెట్టాడు. ఇప్పుడు దాని పేరు 'కవర్ యువర్ ట్రాక్స్', ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. ఆయన 4,70,161 బ్రౌజర్లని పరిశీలిస్తే 83.6 శాతానికి వేటి గుర్తు వాటిదే, ఇంకో దానితో కలవలేదు. ఫ్లాష్ గానీ జావా గానీ ఉన్నవాటిలో అయితే 94.2 శాతం. అప్పట్లో ఫ్లాష్ అడిగిన వెంటనే మెషీన్లో ఉన్న ఫాంట్లన్నిటి పేర్లూ ఏకరువు పెట్టేది. మా అన్నయ్య దుకాణంలాంటి చోటు ఆ రోజుల్లో ఒక్క ఫాంట్ల జాబితాతోనే దొరికిపోయేది. ఇప్పుడు సైటు ఒక్కో ఫాంటునీ పేరుపెట్టి అడగాలి. ఒక మాటని ఆ ఫాంటులో రాయించి వెడల్పు కొలుస్తుంది. మామూలు ఫాంటు వెడల్పు కన్నా తేడా ఉంటే ఆ ఫాంటు ఉన్నట్టే. అడిగే జాబితాలో గౌతమి ఉంటే మన ఆనుపానులు తెలిసిపోతాయి.

ఎకర్‌స్లీ లెక్కలో ఒక మాట విద్యార్థులకి నేను తప్పకుండా చెబుతాను. ఒక ప్రశ్నకి వచ్చిన జవాబు, గుంపుని సగానికి సగం తగ్గిస్తుందనుకోండి. అలాంటి జవాబులు 33 ఉంటే చాలు, భూమ్మీద ఎవరినైనా ఒంటరిగా పక్కకి లాగొచ్చు. రెండుని 33 సార్లు వేసి హెచ్చిస్తే దాదాపు 859 కోట్లు, ప్రపంచ జనాభా కన్నా ఎక్కువ. ఆయన కొలిచిన బ్రౌజర్లు సగటున 18.1 జవాబులంత సమాచారం ఊరికే ఇచ్చేస్తున్నాయి. ఎకర్‌స్లీ 2022 సెప్టెంబరులో కన్నుమూశాడు. ఇవాళ కోట్ల సైట్లకి ఉచితంగా భద్రతా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ స్థాపకుల్లోనూ ఆయన ఒకడు.

ఆ 83.6 శాతం చూసి బెంబేలు పడనక్కర్లేదు. ఆ పరీక్షకి వచ్చినవాళ్లు గోప్యత మీద పట్టింపు ఉన్నవాళ్లు, బ్రౌజర్లని తమకి నచ్చినట్టు మార్చుకున్నవాళ్లు. 2018లో ఫ్రాన్సులో బాగా నడిచే ఒక మామూలు సైటులో 20 లక్షలకి పైగా గుర్తుల్ని సేకరించి చూస్తే, ఇంకెవరితోనూ కలవనివి 33.6 శాతమే. మొబైల్ ఫోన్లలో అయితే 18.5 శాతం. ఒకే మోడల్ ఫోను, కొన్ననాటి సెట్టింగులతో, లక్షలమంది చేతుల్లో ఉంటుంది కదా. ఈ రెండు అధ్యయనాల్ని పక్కపక్కన పెట్టి చదివితే అసలు సంగతి తెలుస్తుంది. మిమ్మల్ని కాపాడేది మీ ముసుగు కాదు, మీలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారన్న లెక్క. గుంపులో గోవిందయ్యలా కలిసిపోతే క్షేమం. విడిగా కనపడితే, ఎంత దాచినా ఆ దాపరికమే గుర్తవుతుంది.

ఈ గుర్తు ఎవరికి కావాలంటే, ముందు ప్రకటనల వ్యాపారానికి. 2014లో ప్రిన్స్‌టన్, బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు లక్ష పెద్ద సైట్లని గాలిస్తే 5.5 శాతం సైట్లలో కాన్వాస్ గుర్తులు తీసే స్క్రిప్టు బయటపడింది. దాదాపు అన్నిట్లోనూ అది యాడ్‌దిస్ అనే కంపెనీది. పేజీ పక్కన 'షేర్ చేయండి' బొత్తాలు ఇచ్చేవాళ్లు. అమెరికా అధ్యక్షభవనం సైటులో కూడా ఆ స్క్రిప్టు ఉండేది. బొత్తాలు పెట్టుకున్న సైట్లవాళ్లలో చాలామందికి, లోపల ఇంకో పని జరుగుతోందని తెలియదు. గూగుల్ 2019లో ఇలాంటి గుర్తింపు పద్ధతి తప్పని బహిరంగంగానే చెప్పింది. అదే గూగుల్ 2025 ఫిబ్రవరి 16 నుంచి తన ప్రకటనల వేదికల్లో దాని మీద ఉన్న కట్టడిని సడలించింది. బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం ఇది బాధ్యత లేని పని అని, మార్పు ప్రకటించినప్పుడే తప్పుపట్టింది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఇదే పద్ధతితో బ్యాంకులు దొంగల్ని ఆపుతున్నాయి. నా పాస్‌వర్డ్ కొట్టేసినవాడు ఎక్కడో కూచుని లాగిన్ అవబోతే, మెషీన్ కొత్తది, టైమ్‌జోన్ వేరు అని పసిగట్టి ఆపేది ఈ గుర్తే. ఒకసారి వర్చువల్ మెషీన్ నుంచి, వీపీఎన్ మీద నా ఖాతా తెరవబోతే నా బ్యాంకు నా ఖాతాని స్తంభింపజేసింది. బ్రాంచికి వెళ్లి సంతకం పెట్టి విడిపించుకోవలసి వచ్చింది. చిరాకు వేసినా, ఆ జాగ్రత్తని నేను తప్పుపట్టను. బ్యాంకు పనికి నా మామూలు మెషీనే వాడతాను. అక్కడ నేనెవరో తెలియడమే నాకు కావాలి.

ఇక వీపీఎన్ ఏం చేస్తుందో చూద్దాం. మన మెషీన్ నుంచి వీపీఎన్ కంపెనీ సర్వరు దాకా అది సమాచారాన్ని తాళం వేసి పంపుతుంది. మన ఇంటర్నెట్ కంపెనీకి మనం ఏ సైటుకి వెళుతున్నామో కనపడదు. సైటుకి మన ఐపీ అడ్రసు కనపడదు, వీపీఎన్ సర్వరుది కనపడుతుంది. రైల్వేస్టేషన్లో, హోటల్లో ఉచిత వైఫై వాడేటప్పుడు ఇది నిజంగా పనికొస్తుంది. కానీ పైన చెప్పిన ప్రశ్నలు, జవాబులు అన్నీ ఆ తాళం వేసిన దారిలోనే భద్రంగా సైటుకి చేరతాయి. కాన్వాస్ బొమ్మలో ఒక్క చుక్క కూడా మారదు. నిన్న హైదరాబాద్ అడ్రసుతో, ఇవాళ ఫ్రాంక్‌ఫర్ట్ అడ్రసుతో, రేపు సింగపూర్ అడ్రసుతో వెళ్లినా, ఆ మూడూ ఒకే మనిషివని కలపడానికి ఆ గుర్తు సరిపోతుంది.

అడ్రసు కూడా ఒక్కోసారి కారిపోతుంది. వీడియో కాల్స్ కోసం బ్రౌజర్లలో ఉండే వెబ్ఆర్‌టీసీ ద్వారా, వీపీఎన్ ఉన్నా అసలు ఐపీ బయటపడేలా చేయొచ్చని 2015 జనవరిలో డేనియల్ రోస్లర్ అందరికీ చేసి చూపించాడు. తర్వాత బ్రౌజర్లు చాలావరకు కట్టుదిట్టం చేశాయి. అదే ఏడాది 14 వీపీఎన్ సేవల్ని పరీక్షిస్తే ఎక్కువ వాటిలో ఐపీవీ6 కారుతోందని తేలింది. పాత పద్ధతి అడ్రసుని దాచి, కొత్త పద్ధతి అడ్రసుని అలాగే వదిలేస్తున్నాయన్నమాట. మన దేశంలో జియో మొదటి నుంచీ ఐపీవీ6 మీద నడుస్తోంది కాబట్టి, వీపీఎన్ యాప్ ఎంచుకునేటప్పుడు ఇది తప్పక చూసుకోవాలి. మన మొబైల్ నెట్‌వర్కుల్లో పాత పద్ధతి అడ్రసు ఒక్కటే ఎందరికో ఉమ్మడిగా ఉంటుంది. ఆ అడ్రసుతో మనిషిని పట్టుకోవడం సైటుకి కష్టం కనుక, బ్రౌజరు గుర్తుకి విలువ ఇంకా పెరుగుతుంది. అంటే మనవాళ్లు డబ్బు పెట్టి దాస్తున్నది, అప్పటికే కాస్త దాగి ఉన్నదాన్ని.

వీపీఎన్‌తో మన నమ్మకం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతుందే తప్ప, ఎవరినీ నమ్మనక్కర్లేని స్థితి రాదు. ఇంటర్నెట్ కంపెనీ చూడగలిగినది ఇప్పుడు వీపీఎన్ కంపెనీ చూస్తుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్రప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వీపీఎన్ కంపెనీలు వాడుకదారుల పేర్లు, ఫోన్ నంబర్లు, వాళ్లకి కేటాయించిన ఐపీ అడ్రసులు అయిదేళ్లపాటు దాచి ఉంచాలి. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ మన దేశంలో ఉన్న సర్వర్లని ఎత్తేశాయి. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్‌లో ఇండియా అని ఎంచుకుంటే వచ్చేది ఇండియా అడ్రసే, మెషీన్ మాత్రం సింగపూర్లోనో బ్రిటన్లోనో ఉంటుంది. ఉచితంగా దొరికే ఊరూపేరూ లేని వీపీఎన్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. సర్వర్ల ఖర్చు ఎవరో ఒకరు భరించాలి, మీ దగ్గర డబ్బు తీసుకోనివాళ్లు ఇంకేం తీసుకుంటున్నారో మీకు చెప్పరు.

వర్చువల్ మెషీన్ సంగతి ఇంకా ఆసక్తికరం. ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేరుతో ఇంకో కంప్యూటర్ని నడపడం ఇది. వీఎమ్ అంటాం. మా ల్యాబులో ఒరాకిల్ వాళ్ల వర్చువల్‌బాక్స్ ఉంది. అందులో ఉబుంటు వేసి, బ్రౌజరు తెరిచి, అదే పరీక్ష పేజీని చూస్తే గుర్తు మొత్తం మారిపోతుంది. పిల్లలు అక్కడ చప్పట్లు కొడతారు. మారిందన్నది నిజమే. దేనిగా మారిందో చూడమంటాను.

గ్రాఫిక్స్ వరసలో ఇంటెల్ పేరో, ఎన్‌విడియా పేరో పోయి 'ఎల్ఎల్‌వీఎమ్‌పైప్' అని ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు అందుబాటులో లేక ప్రాసెసరే బొమ్మలు గీస్తోందని దాని అర్థం. మామూలు ఇళ్లలో, ఆఫీసుల్లో అది కనపడటం అరుదు. వీఎమ్‌వేర్ వాడితే ఏకంగా ఆ కంపెనీ పేరే గ్రాఫిక్స్ వరసలో రావచ్చు. ప్రాసెసరు కోర్లు రెండే, ఎందుకంటే వీఎమ్‌కి మనం రెండే ఇచ్చాం. అన్నిటికన్నా విడ్డూరం తెర కొలత. ప్రపంచంలో తెరల కొలతలు నాలుగైదు రకాలే ఎక్కువ, 1920ని 1080 లాంటివి. వర్చువల్‌బాక్స్‌లో గెస్ట్ అడిషన్స్ వేసుకుంటే, లోపలి తెర బయటి విండోకి సరిపడేలా సాగుతుంది. విండోని మౌసుతో ఎక్కడిదాకా లాగి వదిలితే అదే తెర కొలత. 1683ని 917 లాంటి అంకె ఏ కంపెనీ మానిటరుకీ ఉండదు. ఊరేగింపులో మొహం దాచుకోవడానికి గొడుగేసుకుని నడిచినవాడిలా ఉంటుంది వీఎమ్ పరిస్థితి. మొహం కనపడదు, గొడుగు అందరికీ కనపడుతుంది.

నెట్‌వర్క్ చదివేవాళ్ల కోసం ఇంకొకటి. వర్చువల్‌బాక్స్ మామూలుగా నాట్ పద్ధతిలో నడుస్తుంది. లోపల విండోస్ ఉన్నా, బయటికి కనెక్షన్ని నిజంగా తెరిచేది కిందనున్న అసలు మెషీన్. అది లైనక్స్ అయితే పాకెట్లలో టీటీఎల్ అనే అంకె 64తో బయలుదేరుతుంది, విండోస్ అయితే 128తో. బ్రౌజరు నేను విండోస్‌ని అంటుంటే పాకెట్లు కాదు లైనక్స్ అంటాయి. ఇలాంటి పొంతన లేని జవాబుల్ని వెతికే పనిముట్లు ఎప్పటినుంచో ఉన్నాయి.

స్నాప్‌షాట్ మీద పిల్లలకి ఉన్న నమ్మకం గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. వీఎమ్‌ని శుభ్రంగా ఉన్నప్పుడు ఒక స్నాప్‌షాట్ తీసి ఉంచుకుని, వాడిన ప్రతిసారీ పని అయ్యాక దానికి తిప్పేస్తారు. కుకీలు, చరిత్ర, దించుకున్న ఫైళ్లు, వైరస్ ఏదైనా ఎక్కి ఉంటే అదీ, అన్నీ పోతాయి. చాలా మంచి అలవాటు. కానీ తిప్పిన ప్రతిసారీ అదే గ్రాఫిక్స్ పేరు, అవే రెండు కోర్లు, అదే కాన్వాస్ బొమ్మ తిరిగి వస్తాయి. మామూలు మెషీన్లో బ్రౌజరు కొత్త వెర్షనుకి మారుతూ, గుర్తు కూడా కొద్దికొద్దిగా మారుతుంది. స్నాప్‌షాట్‌లో నెలల తరబడి ఒకే పాత వెర్షను. కుకీ లేకుండా వచ్చే, ఎప్పుడూ ఒకేలా ఉండే, అరుదైన మెషీన్ అది. సైటు దాన్ని మరింత తేలిగ్గా గుర్తుపెట్టుకుంటుంది.

మరి వీఎమ్ ఎందుకు? ఒకటి, లోపలి మెషీన్ గుర్తుకీ బయటి మెషీన్ గుర్తుకీ మధ్య లంకె తెగుతుంది. నా మామూలు బ్రౌజరుని ఎరిగిన సైటు, వీఎమ్‌లో ఉన్నది నేనే అని ఆ గుర్తుతో చెప్పలేదు. అయితే వీపీఎన్ లేకపోతే రెండూ ఒకే ఐపీ అడ్రసు నుంచి వెళతాయి కాబట్టి ఆ లంకె ఇంకో దారిలో కలుస్తుంది. రెండిటికీ ఒకే సమయంలో ఒకే వీపీఎన్ సర్వరు వాడినా అంతే. వీఎమ్‌లో కూచుని అలవాటుగా మన జీమెయిల్ తెరిచామా, ఇంక ఎన్ని పొరలున్నా దండగ.

రెండోది అసలైన ఉపయోగం. టార్ అనేది ఐపీ అడ్రసుని దాచే నెట్‌వర్కు. 2013 ఆగస్టులో ఫ్రీడమ్ హోస్టింగ్ అనే టార్ సర్వర్ల మీద అమెరికా ఎఫ్‌బీఐ ఒక పని చేసింది. అక్కడికి వచ్చిన పాత ఫైర్‌ఫాక్స్ ఆధారిత టార్ బ్రౌజర్లలోని లోపాన్ని వాడుకుని, విండోస్ మెషీన్లలో చిన్న కోడు నడిపించి, మెషీన్ పేరు, నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రసు, నిజమైన ఐపీ అడ్రసు వర్జీనియాలోని సర్వరుకి తెప్పించుకుంది. ఆ కేసులో నేరస్థులు ఉన్నారు, వాళ్ల మీద నాకు సానుభూతి లేదు. పద్ధతి మాత్రం ఎవరి మీదైనా ఎవరైనా వాడగలిగేదే. అలాంటి కోడు వీఎమ్ లోపల నడిస్తే దొరికేది వీఎమ్ పేరు, వీఎమ్ కల్పిత మ్యాక్ అడ్రసు. హూనిక్స్ అనే వ్యవస్థని ఈ ఆలోచన మీదే కట్టారు. అందులో రెండు వీఎమ్‌లు ఉంటాయి. బయటి నెట్‌వర్కుతో మాట్లాడేది ఒకటి, మనం పనిచేసేది ఇంకొకటి. పనిచేసే దానికి అసలు ఐపీ అడ్రసు ఏమిటో తెలియనే తెలియదు, దాన్ని ఎంత పీడించినా చెప్పలేదు. వాడేవాళ్లందరి వీఎమ్‌లూ ఒకే అచ్చులో ఉంటాయి కూడా. ఆ ఒకే అచ్చు అన్నది ముఖ్యం.

అదేమిటో మా ల్యాబులోనే కనిపిస్తుంది. ఒకే కంపెనీ మెషీన్లు ఒకే లాటులో కొన్నవి, ఒకే ఇమేజి నుంచి దించినవి, వరసగా కూచోబెట్టి పరీక్ష పేజీ తెరిస్తే దాదాపు అన్నిట్లోనూ అవే జవాబులు. ఏ బెంచీలో ఎవరు కూచున్నారో బయటి సైటుకి తేలిక కాదు. ఇది కూడా శాశ్వతం కాదని 2022లో డ్రాన్‌అపార్ట్ అనే పరిశోధన హెచ్చరించింది. ఇజ్రాయెల్ బెన్-గురియన్ విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్ పరిశోధకులు కలిసి, అచ్చంగా ఒకే మోడల్ గ్రాఫిక్స్ చిప్‌ల మధ్య కూడా తయారీలో వచ్చే అతిసూక్ష్మ తేడాల్ని వేగం కొలిచి పట్టుకోవచ్చని చూపించారు.

అందుకే నిజంగా దాగాల్సిన అవసరం ఉన్నవాళ్లకి నేను ముందు చెప్పేది టార్ బ్రౌజరు. అది వాడేవాళ్లందరినీ ఒకేలా కనిపించేలా చేస్తుంది. టైమ్‌జోన్ అందరికీ యూటీసీ. విండోని ఎలా లాగినా లోపలి పేజీ కొలతని గుండ్రటి అంకెకి కుదించి, మిగిలిన చోట ఖాళీ అంచు వదులుతుంది. చాలామంది ఆ అంచుని లోపమనుకుంటారు. కాన్వాస్ బొమ్మని చదవబోతే అడ్డుకుంటుంది. దానికి ఎక్స్‌టెన్షన్లు తగిలించకూడదు, రంగులు మార్చుకోకూడదు, తనతో వచ్చిన రూపంలోనే వాడాలి. రోజువారీ పనికి అంత అవసరం లేనివాళ్లకి ఫైర్‌ఫాక్స్, సఫారీ కూడా కొంత రక్షణ ఇస్తాయి. సఫారీ 2018 నుంచి, మనం విడిగా వేసుకున్న ఫాంట్లని సైట్లకి చూపించడం మానేసింది. బ్రేవ్ దారి వేరు. కాన్వాస్ అంకెల్లో ప్రతి సైటుకీ, ప్రతిసారీ చిటికెడు అబద్ధం కలుపుతుంది. ఈ సైటులోని గుర్తుతో ఆ సైటులోని గుర్తు కలవదు.

టార్‌లో మనవాళ్లకి ఒక నొప్పి ఉంది. మన భాష తెలుగు అని పెట్టుకుంటే, ప్రతి సైటుకీ ఆ సంగతి వెళుతుంది. గోప్యత కోసం పేజీలని ఇంగ్లీషులోనే అడగమంటారా అని టార్ అడుగుతుంది, అవునంటేనే గుంపులో కలుస్తాం. తెలుగు మాట్లాడేవాళ్లు 2011 జనగణన ప్రకారం దేశంలోనే 8 కోట్లకి పైగా ఉన్నారు. అంత గుంపు ఉన్నా, బ్రౌజరులో తెలుగుని మొదటి భాషగా పెట్టుకున్నవాళ్లు నాకు ఎప్పుడో ఒకరు తగులుతారు. కంప్యూటర్లో తన భాషని కోరుకున్న మనిషే తేలిగ్గా దొరుకుతాడు, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. దీనికి మందు భాషని వదిలేయడం కాదు. ఎక్కువమంది తెలుగు పెట్టుకుంటే, ఆ జవాబు అంత అరుదుగా ఉండదు. మామూలు పనులకి నేను తెలుగే ఉంచుకుంటాను, మా విద్యార్థులకీ అలాగే పెట్టమంటాను. ఒకరి ప్రాణానికో పరువుకో సంబంధించిన పనైతే మాత్రం టార్ అడిగినట్టు ఇంగ్లీషుకి ఒప్పుకోమంటాను.

తెలుగు సైట్లు నడిపేవాళ్లు చేయగలిగినది చాలా ఉంది. పత్రికలు, ఆలయాలు, ఆసుపత్రులు, కాలేజీలు, ఎవరైనా సరే. వెబ్‌ఫాంటు పెట్టండి, చదివేవాళ్ల మెషీన్లో ఏ తెలుగు ఫాంటు ఉందో వెతకాల్సిన పని ఉండదు, అందరికీ ఒకటే అందుతుంది. తర్వాత మీ పేజీని కంప్యూటర్లో తెరిచి ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబుకి వెళ్లి, పేజీని మళ్లీ లోడ్ చేయండి. మీ సైటు పేరు కాకుండా ఇంకెవరి పేర్ల నుంచి స్క్రిప్టులు దిగుతున్నాయో వరసగా కనిపిస్తాయి. ఎప్పుడో పెట్టించి మరిచిపోయిన షేర్ బొత్తాలు, ఎవరూ చూడని లెక్కల పట్టికలు, పాత ప్రకటనల కోడు అక్కడ ఉంటాయి. అందులో మీకు తెలియని పేరు ఉంటే, సైటు కట్టినవాళ్లని పిలిచి అదేం చేస్తుందో అడగండి. సరైన జవాబు రాకపోతే తీసేయించండి.